పచ్చ పలక మీద పొగ

అక్కను సోమవారం పొద్దున మానసిక వైద్యశాలలో చేర్చాలని నిర్ణయమైపోయింది. ఆ మాట ఎవరూ సూటిగా అనడం లేదు. డాక్టరు చీటీ మీద "విశ్రాంతి అవసరం" అని రాశాడు. బావ ఫోనులో "కొన్నాళ్ళు చోటు మారితే మంచిదట" అన్నాడు. ఏ పేరు పెట్టినా ఆ వార్డు తలుపుకు గడియ బయటివైపే ఉంటుందని చెల్లెలికి తెలుసు. బట్టలు సర్దడంలో సాయపడదామని శనివారం సెలవు పెట్టి మధ్యాహ్నం బస్సు దిగింది.

కింద బావ గడియారాల కొట్టు, దాని వెనకే వంటిల్లు. పైన రెండు గదులు. ఒకటి పడకకు, ఇంకొకటి అక్క కుట్టుపనికి. చెల్లెలు చెక్క మెట్లెక్కి తలుపు తట్టింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"చిట్టీ, నువ్వా!" అని అక్క వెంటనే తలుపు చాటుకు తప్పుకుంది.

చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మ పోయాక తనకు జడ వేసి, చెవి మెలిపెట్టి బడికి పంపిన మనిషి ఈవిడ. నలుగురిలో నిలబడి ఎంతటివాడికైనా మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఇప్పుడు సొంత చెల్లెలి ముందు కొత్త కోడలిలా ముడుచుకుపోతోంది. రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. తను చూడని ఈ ఐదు నెలల్లో చెంపలు లోపలికి పీక్కుపోయాయి.

"లోపలికి రా. అట్లా చూడకు. నాకు నచ్చదు," అంది. అన్న మరుక్షణమే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

టీ కప్పు అందిస్తుంటే సగం సాసరులోనే ఒలికిపోయింది. మాట్లాడుతూ మధ్యలో ఏం చెబుతోందో మరిచిపోయి గోడకేసి చూసింది. చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. "ఏం తిన్నా ఇనప మేకు చప్పరించినట్టే ఉంటోందే," అంది. నెల రోజులుగా సరిగా నిద్ర లేదట. కొట్టుకు వచ్చిన ఒకాయన మీదికి కత్తెర విసిరిందట. ఆ విషయం అక్క చెప్పలేదు, బావ మెట్ల దగ్గర గుసగుసగా చెప్పాడు.

బావ చెడ్డవాడు కాదు. గడియారాలు బాగుచేసేది కడుపు కోసం, రాళ్ళు పోగుచేసేది ప్రాణం కోసం. వీధిలో అందరూ ఆయన్ని రాళ్ళాయన అనే పిలుస్తారు. కుట్టుగదిలో గోడ పొడుగునా ఆయన అద్దాల బీరువా ఉంది. అందులో రెండు వందల పైచిలుకు రాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో చీటీ. అన్నింట్లోకీ ఆయనకు ప్రాణం ఒకటే. ఎప్పుడో మూతబడిన పాదరసం గని నుంచి వచ్చింది. అక్కడ పనిచేసిన ఒక ముసలాయన తన చివరి రోజుల్లో ఇచ్చిపోయాడు. పిడికిలంత ఉంటుంది. మామూలు వెలుతురులో మడ్డి పసుపు రంగు పెంకు, దానిమీద గుండుసూది తలల్లాంటి పాదరసం చుక్కలు. కళ్ళకు కనబడని అతినీలలోహిత కిరణాల దీపం, బావ మాటల్లో ఊదా దీపం, వేస్తే మాత్రం ఆ పెంకు నిప్పుకణికలా ఎర్రగా రగులుతుంది. కాలోమెల్ అంటారు, పాదరసమూ క్లోరినూ కలిసిన ఖనిజం. ఎండ వెలుతురు తగిలితే నల్లబడిపోతుందని బావ ఆ గది కిటికీ మూసి, సందుల్లేకుండా నల్లగుడ్డ కొట్టేశాడు. అక్క పగలంతా బల్బు వెలుతుర్లోనే కుట్టేది. మంచి రోజుల్లో దాని గురించి నవ్వుతూ చెప్పేది కూడా: "నాకో సవతి ఉందమ్మా. ఆరొందల గ్రాములు. చీకట్లో నాకంటే అందంగా ఉంటుంది."

వారం క్రితం ఫోను పెట్టేసే ముందు బావ ఇంకో మాట అన్నాడు. "చిట్టీ, మీ ఫ్యాక్టరీలో ఊదా దీపం కింద పచ్చగా వెలిగే పలకలుంటాయని చెప్పావు కదా, వచ్చేటప్పుడు ఒకటి తీసుకురా. రాయి వెలుగు తగ్గినట్టుంది. దీపం పాతబడిందేమో తేల్చుకోవాలి."

చెల్లెలు మాత్రల ఫ్యాక్టరీలో పరీక్షల గదిలో పనిచేస్తుంది. పెళ్ళాం ఆసుపత్రికి పోతుంటే ఈయనకు దీపం దిగులేమిటని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. అయినా రెండు పలకలు కాగితంలో చుట్టి సంచిలో వేసుకొచ్చింది. కొందరికి కష్టం వస్తే చేతికి ఏదో ఒక పని కావాలి, బావ ఆ రకం అని సర్ది చెప్పుకుంది.

భోజనాలయ్యాక ముగ్గురూ కుట్టుగదిలోకి వెళ్ళారు. సోమవారంలోపు ఇవ్వాల్సిన కోటు ఒకటుందని అక్క మిషను దగ్గర కూర్చుంది. కాళ్ళ దగ్గర చిన్న కరెంటు పొయ్యి ఎర్రగా వెలుగుతోంది. "కాళ్ళు చల్లబడిపోతున్నాయంటే చలికాలం మొదట్లో నేనే కొన్నాను," అన్నాడు బావ. గదిలో గాలి ఉక్కగా, కదలకుండా ఉంది.

"ఐదు నిమిషాలు బల్బు ఆర్పుతాను, ఏమీ అనుకోకు," అన్నాడు అక్కతో.

"ఆర్పండి. నేను చెబితే ఆగుతారా ఏంటి," అంది అక్క, చేతిలోని గుడ్డ ఒళ్ళో పెట్టుకుని.

బావ బీరువా తాళం తీసి రాయిని నల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టాడు. ఆ కిరణాలు కళ్ళకు తగలకుండా ముగ్గురూ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. బల్బు ఆరింది, ఊదా దీపం వెలిగింది. రాయి రాజుకుంది. చెల్లెలు అంతకుముందు నాలుగైదుసార్లు చూసిందే. అయినా ప్రతిసారీ నోరు తెరుచుకునేట్టు చేస్తుంది ఆ ఎరుపు.

"పలక పట్టుకో," అన్నాడు బావ.

రాయికి అవతలివైపు పలక పట్టుకుంది. పలక మొత్తం లేత గడ్డి రంగులో పచ్చగా వెలిగింది. "దీపానికేం కాలేదు బావా, దివ్యంగా ఉంది," అనబోయింది. సగంలో ఆగిపోయింది.

పచ్చటి వెలుగు మీద పొగ కదులుతోంది. రాయి మీది చుక్కల దగ్గర పుట్టి, సన్నటి నల్లటి పోగులుగా లేచి, పైకి పోయి విడిపోతోంది.

"ఇస్త్రీ పెట్టె ఏమైనా వేసుందా?" అంది.

"లేదు," అన్నారు ఇద్దరూ.

"బల్బు వెయ్యి బావా."

బల్బు వెలిగింది. పొగ లేదు, వాసన లేదు. గాలి అద్దంలా ఉంది. మళ్ళీ ఆర్పించింది. మళ్ళీ పలక మీద నల్లటి పోగులు. మూడోసారి కూడా చేసి చూసింది. అప్పటికి ఆమెకు అర్థమైపోయింది. అర్థమైనదాన్ని మనసు ఒప్పుకోవడం లేదు. ఊదా దీపం గొట్టంలో వెలిగేది పాదరసమే. ఆ వెలుగును గాలిలోని పాదరసం ఆవిరి మింగేస్తుంది. మామూలు కంటికి ఎప్పటికీ కనబడని ఆవిరి ఈ ఒక్క దీపం ముందే నీడ వేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్ద కెమిస్టు వేడుకగా ఒకసారి చూపించాడు. ఒక్క చుక్కతో, తలుపులన్నీ తెరిచిపెట్టి.

"రాయి మీద నాలుగు చుక్కలే కదా, ఆ మాత్రం ఉంటుందిలే," అన్నాడు బావ. ఆయనకూ సంగతి తెలుస్తోంది కానీ గొంతులో ధైర్యం లేదు.

చెల్లెలు ఒక చేత్తో పలక, ఇంకో చేత్తో దీపం పట్టుకుని గదిలో నడిచింది. గోడ దగ్గర నీడ పలుచగా ఉంది. మిషను వైపు వెళ్ళేకొద్దీ పలక మసకబారింది. వంగి, అక్క పాదాల దగ్గర నేల మీద పలక నిలబెట్టింది.

పలక సగం నల్లబడిపోయింది. పొయ్యి వేడికి నేలచెక్కల సందుల్లోంచి నీడ గుప్పుగుప్పుమని ఎగుస్తోంది, తడి కట్టెలు వేసిన పొయ్యిలోంచి లేచినట్టు. పలకను పైకి ఎత్తేకొద్దీ అది అక్క మోకాళ్ళు దాటి, ఒళ్ళో గుడ్డ దాటి, ముఖం దాకా పోతోంది. ఆ నల్లటి పొగ మధ్యలో అక్క నోరు కొంచెం తెరిచి, ఊపిరి తీసుకుంటూ కూర్చుని ఉంది.

పలక చెల్లెలి చేతిలోంచి జారి నేల మీద పడింది.

"లే! అక్కా, లే! కిందికి పద!" అని అరిచింది. పొయ్యి తీగ పీకేసింది. కిటికీ మీది నల్లగుడ్డ పట్టుకుని లాగితే మేకులతో సహా ఊడొచ్చింది. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కుర్చీ కాలితో అద్దం పగలగొట్టింది. పట్టపగటి వెలుతురు ఒక్కసారి రాయి మీద పడింది. బావ దాన్ని కప్పడానికి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. మరదలు తనకేసి చూసిన చూపు అలాంటిది.

కింద కొట్టులో తలుపులు బార్లా తెరిచి అక్కను కుర్చీలో కూర్చోబెట్టారు. గోడ నిండా గడియారాలు కొట్టుకుంటున్నాయి.

"రాయి పైన బీరువాలో ఉంటే, పాదరసం నేల సందుల్లోకి ఎట్లా వచ్చింది?" అని చెల్లెలు బావనే అడిగింది.

జవాబు అక్క చెప్పింది. తలెత్తకుండా చెప్పింది.

"నా చేతిలోంచే పడింది. పోయిన చలికాలం. ఆయన తాళం మరిచిపోయి సరుకు కోసం వెళ్ళారు. దుమ్ము తుడుద్దామని తీశాను. జారింది. వెనకవైపు చిన్న పెచ్చు లేచి లోపలినుంచి వెండి పూసల్లాగా బొలబొలా కారిపోయింది. పట్టుకుందామంటే ఒక్కటి చేతికి దొరికితేనా! చీపురుతో ఊడిస్తే ఒకటి పదయ్యాయి, పది నూరయ్యాయి. అన్నీ సందుల్లోకి దూరిపోయాయి. పెచ్చును జిగురుతో అతికించి, ఆ వైపు కనబడకుండా రాయిని తిప్పి పెట్టేశాను."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాడు బావ.

"అంతకుముందు ఒకసారి ఏదో రాయి చీటీ తారుమారు చేశానని పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు మీరు. గుర్తుందా? చీటీకే పదకొండు రోజులు. దీనికి ఎన్నాళ్ళో అని భయపడ్డాను."

బావ గోడ మీది గడియారాల వైపు ముఖం తిప్పుకున్నాడు.

చెల్లెలికి అప్పుడు ఇంకొకటి తట్టింది. బావ ప్రతి రాయినీ మూడు నెలలకోసారి తూచి నోటుపుస్తకంలో రాసుకుంటాడు. కొట్టు బల్ల సొరుగు లాగి ఆ పుస్తకం తీసింది. ఆయన అడ్డుపడలేదు. పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. అచ్చు గుద్దినట్టుండే ఆయన రాత. 612 గ్రాములు. దాని కింద 549. పక్కనే, "త్రాసు సరిచూడాలి." తర్వాతి తూకం దగ్గర, "త్రాసు సరిగానే ఉంది. లోపలి పాదరసం ఆవిరైపోయి ఉంటుంది. చాలా బాధగా ఉంది."

చెల్లెలు ఆ వాక్యాన్ని పైకి చదివింది. చదివి పుస్తకం ఆయన ముందు పెట్టింది.

"ఆవిరై ఎక్కడికి పోయిందనుకున్నారు, బావా?"

రాళ్ళాయన నిజంగానే రాయైపోయాడు. పుస్తకం కేసి చూస్తూ కూర్చున్నాడు. పాదరసం విషమని ఆయనకు తెలియక కాదు. బీరువాలో ఆ రాయి చీటీ మీద "గాలి ఆడేచోట ఉంచాలి" అని తన చేత్తోనే రాశాడు. భార్య చేతులు వణకడం చూశాడు, డాక్టర్ల చుట్టూ తిప్పాడు, రాత్రిళ్ళు పక్కన మేలుకుని కూర్చున్నాడు. ఈ రెండింటినీ కలిపే ఒక్క గీత ఆయన బుర్రలో పడలేదు. కాసేపటికి ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది ఏడుపని మిగతా ఇద్దరికీ వెంటనే తెలియలేదు. ఎప్పుడూ వినలేదు కనుక.

"అయితే నాకు పిచ్చి కాదా?" అంది అక్క.

ఆ ప్రశ్న ఎంత మామూలుగా అడిగిందంటే, చెల్లెలు గభాలున వెళ్ళి ఆ వణికే చేతులు పట్టుకుంది. "కాదక్కా. నీకేం పిచ్చి లేదు."

"మరి సోమవారం?"

"సోమవారం దాకా ఎందుకు? ఇప్పుడే పోదాం. వేరే ఆసుపత్రికి."

విషాల విభాగంలో డాక్టరమ్మ రక్తమూ మూత్రమూ తీయించింది. ఫలితం చూసి కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. ఉండాల్సినదానికి నలభై రెట్లు. "ఇంకో చలికాలం ఆ గదిలో గడిపి ఉంటే నేను చెప్పడానికి ఏమీ ఉండేది కాదు," అంది. సాయంత్రం గంటసేపే ఆ గదిలో ఉండే బావకు కూడా ఆరు రెట్లు ఉంది. ఇద్దరికీ మందులు రాసింది. అక్కవి పెద్ద గొట్టాల్లాంటి మాత్రలు, కుళ్ళిన గుడ్ల కంపు. ముక్కు మూసుకుని మింగేది.

ముసుగులు వేసుకున్న ముగ్గురు మనుషులు వచ్చి నేలచెక్కలు ఊడదీశారు. చెక్కల కింద మట్టిలో, దూలాల పగుళ్ళలో మెరుస్తూ దొరికినదంతా పోగుచేస్తే చిన్న సీసాలో అడుగున నాలుగో వంతు కూడా కాలేదు. దానికోసమా ఇంతా అన్నట్టు చూశాడు పనివాళ్ళలో ఒకడు. ఆ సీసాను చేతిలోకి తీసుకుని, ఇంత కొంచానికి ఇంత బరువేమిటన్నట్టు ఇంకోసారి చూశాడు. కుట్టుమిషను, గుడ్డలు, సగం కుట్టిన కోటు అన్నీ మూటగట్టి పట్టుకుపోయారు. రాయిని బావే గాజు జాడీలో పెట్టి, మూతకు మైనం పోసి, విశ్వవిద్యాలయం మ్యూజియంకు ఇచ్చి వచ్చాడు.

అక్క చెల్లెలింట్లోనే ఉండిపోయింది. మొదట నిద్ర వచ్చింది. తర్వాత ఆకలి వచ్చింది. మూడో నెలలో టీ కప్పు ఒలకకుండా మోసుకొచ్చి బల్ల మీద పెట్టి, తనే ఆశ్చర్యంగా దానికేసి చూసింది. బావ ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చేవాడు. అక్క ఒక్కోసారి మాట్లాడేది, ఒక్కోసారి చీదరించి లోపలికి వెళ్ళిపోయేది. "విషం దిగేకొద్దీ కోపం తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది కదా," అని బావ చెల్లెలికి ధైర్యం చెప్పేవాడు. నిజానికి చెప్పుకునేది తనకే.

ఐదో నెలలో పరీక్ష ఫలితం మామూలుగా వచ్చింది. ఆ ఆదివారం బావ మిఠాయి పొట్లంతో వచ్చాడు. అక్క ఆ పొట్లాన్ని తీసుకోలేదు.

"కాగితం చూశారుగా? ఒంట్లో విషం లేదట," అంది.

"చూశాను. చాలా సంతోషం."

"అయితే వినండి. ఇప్పుడు నాకున్న కోపం పాదరసానిది కాదు. నా సొంతం. దీనికి మాత్రల్లేవు. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రెండు గంటలు అక్క గొంతు ఒక్కటే వినబడింది. పదకొండు రోజుల దగ్గర మొదలుపెట్టి పెళ్ళైన ఏడాది దాకా వెనక్కి పోయింది. ఆయన సంజాయిషీ చెప్పుకున్నట్టు ఎక్కడా వినిపించలేదు. వెళ్ళేటప్పుడు ముఖం కందిపోయి ఉంది. "వచ్చే ఆదివారం కూడా వస్తాను," అని మాత్రం అన్నాడు. అలాగే వచ్చాడు.

ఇంకో మూడు నెలలకు అక్క ఆయనతో వెళ్ళింది. పాత ఇంటికి కాదు. రెండు వీధుల అవతల చిన్న ఇల్లు తీసుకున్నారు. బీరువా కొట్టులో పెట్టుకున్నాడు. అక్కకు సన్నటి పనికి చెయ్యి ఇంకా నిలవదు, సాయంత్రమయ్యేసరికి వేళ్ళు అదురుతాయి. కోట్లూ తెరలూ మాత్రం కుడుతోంది.

చెల్లెలు మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళిన రోజున అక్క గదులన్నీ తిప్పి చూపించింది. జోకులు వేసింది. చెల్లెలు చాలా రోజుల తర్వాత కడుపునిండా నవ్వింది. టీ తాగుతుండగా అక్క ఉన్నట్టుండి అంది:

"పాత వీధి టీచరమ్మకి ఈ ఇల్లు చూపించాలే. ఇంత దగ్గరలో ఉండి ఒక్కసారైనా తొంగిచూడలేదేంటి ఆ మహాతల్లి?"

బావ కప్పు కింద పెట్టాడు. చెల్లెలు ఆయన ముఖంలోకి చూసింది. టీచరమ్మ పోయి ఏడాది దాటింది, అక్క ఆ గదిలో విషపు గాలి పీలుస్తున్న రోజుల్లోనే. అక్కకు ఇరవై ఏళ్ళ స్నేహితురాలు. చివరి మూడు రోజులూ ఆమె మంచం పక్కన కూర్చుని నోట్లో నీళ్ళు పోసింది అక్కే.

ఇద్దరి ముఖాలూ చూసి అక్కకు అర్థమైంది. కప్పు అంచు చుట్టూ వేలు తిప్పింది.

"నేనున్నానా అప్పుడు?" అని అడిగింది చివరికి.

"ఉన్నావక్కా. పక్కనే ఉన్నావు."

"ఏమన్నా మాట్లాడిందా నాతో?"

చెల్లెలికి తెలియదు. బావ తలూపాడు, కొంత తెలుసన్నట్టు. అక్క కుర్చీ ఆయనకు దగ్గరగా లాక్కుంది.

"అయితే చెప్పండి. మొదటినుంచి చెప్పండి. ఏదీ వదిలిపెట్టకండి," అంది.

బావ గొంతు సవరించుకుని, ఆ రోజు ఎండ ఎలా ఉందో అక్కడినుంచి మొదలుపెట్టాడు.